కొండ మొక్కకు డెల్టాలో నీరే గండం
రసభరిత మొక్కల పెంపకంలో మెలకువలు

కంకిపాడు: వరి చేలకు, చెరకు తోటలకు పేరొందిన కంకిపాడు పరిసరాల్లో మేడలపైన, వరండాల్లో చిన్న కుండీలు కొలువుదీరుతున్నాయి. గులాబీ పువ్వు విచ్చుకున్నట్లు దళసరి ఆకులు పేర్చినట్లుండే మొక్కలంటే పిల్లలకు, పెద్దలకు మక్కువే. ఆకుల్లో, కాండంలో నీటిని దాచుకొనే వీటిని సక్యులెంట్లు అంటారు. శీతాకాలంలో ముచ్చటగొలిపిన మొక్క తొలకరి పడేసరికి మెత్తబడి, నల్లబడి కూలిపోతుంది. నీరు చాలలేదేమోనని కొందరు మరికాస్త పోస్తారు. నిజానికి దాని ప్రాణం తీసేది ఆ నీరే.

చలిలో పుట్టిన మొక్క

అంతర్జాలంలో కొనుగోలు చేసే మొక్కల్లో సెంపర్‌వైవమ్, కొన్ని రకాల సీడమ్ ఎత్తయిన పర్వతాలకు చెందినవి. సెంపర్‌వైవమ్ జన్మస్థానం ఐరోపాలోని ఆల్ప్స్ వంటి పర్వత శ్రేణులు. ఆ పేరుకు లాటిన్‌లో ‘ఎప్పుడూ జీవించేది’ అని అర్థం. సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పడిపోయే చలిని, మంచును ఇది తట్టుకోగలదు. రాతి పగుళ్లలో పిడికెడు మట్టి ఉంటే చాలు, వేళ్లూనుకుంటుంది. తోటమాలి తన ఇంటి కప్పుపై ఈ మొక్కను పెంచాలని సుమారు 800 సంవత్సర ప్రాంతంలో షార్లమేన్ చక్రవర్తి కాలపు రాజశాసనం నిర్దేశించింది. ఇది ఉన్న ఇంటిపై పిడుగు పడదని అక్కడివారి నమ్మకం. నమ్మకం మాట ఎలా ఉన్నా, ఇంటి కప్పుపై నీరు నిలవదు. ఆ మొక్క బతుకు రహస్యం అదే.

మన హిమాలయాల్లోనూ ఇటువంటి మొక్కలున్నాయి. లద్దాఖ్‌లో ‘సోలో’గా పిలిచే రోడియోలా లేత ఆకులను అక్కడి ప్రజలు కూరగా వండుకుంటారు. ఇవన్నీ చల్లని రాత్రులకు అలవాటుపడినవి. మే నెలలో విజయవాడ పరిసరాల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, రాత్రి సైతం ఉక్కపోత తగ్గదు. కొండ మొక్కను దెబ్బతీసేది పగటి ఎండ ఒక్కటే కాదు, చల్లబడని రాత్రి కూడా.

రాత్రివేళ శ్వాస

దీనికి కారణం ఈ మొక్కల జీవన విధానంలో ఉంది. సాధారణ మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తాయి. రసభరిత మొక్కల్లో చాలావరకు పగలు వాటిని మూసి, రాత్రి తెరుస్తాయి. గ్రహించిన వాయువును ఆమ్లంగా మార్చి దాచుకొని, మర్నాడు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకుంటాయి. ఎండలో రంధ్రాలు తెరవకపోవడం వల్ల నీరు ఆదా అవుతుంది.

ఈ విశేషాన్ని తొలినాళ్లలో గమనించినవారిలో ఒకరికి గోదావరి మండలంతో సంబంధం ఉంది. సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ వృక్షోద్యానంలో పనిచేసిన బెంజమిన్ హైన్, రణపాల ఆకు ఉదయం పుల్లగా, మధ్యాహ్నానికి రుచి లేకుండా, సాయంత్రానికి కాస్త చేదుగా మారుతోందని 1813లో ఒక లేఖలో వివరించారు. అది 1815లో లండన్‌లోని లినియన్ సొసైటీ పత్రికలో వెలువడింది. రాత్రి కూడబెట్టిన ఆమ్లం పగలు ఖర్చు కావడమే ఆ రుచి మార్పునకు కారణమని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

రాత్రి వేడి ఎక్కువైతే కొండ మొక్క కూడబెట్టుకొనేది తగ్గి, శ్వాసకు ఖర్చయ్యేది పెరుగుతుంది. ఎదుగుదల ఆగి, వేళ్లు నీరు పీల్చడం తగ్గించిన ఆ సమయంలో మట్టి తడిగా ఉంటే శిలీంధ్రాలు విజృంభించి వేరుకుళ్లు సోకుతుంది. మనకు ఆకు వాడినట్లు కనిపిస్తుంది. దాహమనుకొని నీరు పోస్తే తెగులుకు తోడ్పడినట్లే.

చేనులోని మట్టి పనికిరాదు

కృష్ణా డెల్టాలోని ఒండ్రు, నల్లరేగడి నేలలు నీటిని పట్టి ఉంచుతాయి. వరికి వరమైన ఈ గుణం కుండీలోని రసభరిత మొక్కకు శాపం. ఎర్రమట్టి, ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు సమపాళ్లలో తీసుకొని, గుప్పెడు బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. ఇసుక నదిదై ఉండాలి. సముద్రపు ఇసుకలోని ఉప్పు వేళ్లకు హానికరం. అడుగున రంధ్రమున్న మట్టి కుండీ శ్రేష్ఠం. దాని గోడల గుండా కూడా తేమ ఆవిరవుతుంది. రంధ్రం లేని పింగాణీ పాత్రలు చూపులకే తప్ప పెంపకానికి తగవు.

ఎన్ని రోజులకోసారి నీరు పోయాలనే లెక్క కన్నా చీపురుపుల్ల పరీక్ష మేలు. పుల్లను కుండీ అడుగు వరకు గుచ్చి తీస్తే మట్టి అంటకుండా పొడిగా రావాలి. అప్పుడు మాత్రమే రంధ్రం నుంచి కారేలా నీరు పోసి, మళ్లీ ఆరే వరకు ఆగాలి. బోరు నీరు ఉప్పగా ఉన్నచోట మట్టిపై తెల్లని పొర కడుతుంది. అక్కడ పట్టి ఉంచిన వాన నీరు వాడటం ఉత్తమం.

కాలానుగుణంగా జాగ్రత్తలు

వేసవిలో ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు వరండా అనుకూలం. మేడపై ఉంచితే నీడ వల కట్టాలి. కాంక్రీటు వేడి తగలకుండా కుండీలను ఇటుకలపై నిలపాలి. నీరు సాయంత్రం చల్లబడ్డాకే ఇవ్వాలి.

వర్షాకాలమే అసలైన పరీక్ష. జిల్లాలో కురిసే వర్షంలో అధికభాగం జూన్-అక్టోబరు మధ్య పడుతుంది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసినంతటి వాన పడితే కుండీ రంధ్రం కూడా చాలదు. వాన చినుకు పడని చూరు కిందికి కుండీలను ముందుగానే చేర్చాలి. గాలి ఆడేలా ఎడంగా అమర్చాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎదుగుదలకు మంచి అదను. కొత్త మొక్కల కొనుగోలు, కుండీ మార్పిడి, అంట్లు కట్టడం అప్పుడే చేపట్టాలి. తుంచిన కొమ్మను లేదా ఆకును నీడలో మూడు నుంచి ఐదు రోజులు ఆరనిచ్చి, గాయం మానాకే నాటాలి. పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, పలుచని వేపనూనె ద్రావణం పిచికారీ చేయాలి. కుళ్లు కనిపిస్తే మొక్కను పెకలించి, కుళ్లిన భాగాన్ని పూర్తిగా కోసివేసి, మిగిలిన ఆరోగ్యకరమైన కొనను ఆరబెట్టి తిరిగి నాటుకోవచ్చు.

మన నేలకు తగినవి

కొండ మొక్కలపై మోజు ఉన్నవారు వాటిని శీతాకాలపు అతిథులుగా భావించడం మంచిది. ఎంత శ్రద్ధ వహించినా వేసవి దాటించడం కష్టం. పైగా సెంపర్‌వైవమ్‌లో పూసిన గుత్తి ఆ తరువాత సహజంగానే చనిపోతుంది. పక్కన పుట్టిన పిలకలతో వంశం నిలుస్తుంది.

ఏడాది పొడవునా పచ్చదనం కోరేవారికి కలబంద, రణపాల, ఎడారి గులాబీ, టేబుల్ రోజ్‌గా పిలిచే గడ్డిగులాబీ అనువైనవి. కడియం నర్సరీల వంటి చోట్ల కోస్తా వేడిలోనే పెరిగిన మొక్కలు లభిస్తాయి. దూరప్రాంతం నుంచి పెట్టెలో వచ్చిన దాని కన్నా అవి త్వరగా నిలదొక్కుకుంటాయి. అయితే ఎడారి గులాబీ పాలు విషపూరితం. రణపాల మేస్తే పశువులకు ప్రమాదం. ఈ రెండింటినీ పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి.

కంచెలపై పాకే నల్లేరు కూడా కాండంలో నీరు దాచుకొనే మొక్కే. నాటితే చాలు, పెద్దగా పోషణ అడగదు, పచ్చడికీ పనికొస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారు దానితో ఆరంభించి, నీరు ఎప్పుడు పోయాలో కన్నా ఎప్పుడు పోయకూడదో నేర్చుకుంటే తక్కిన వాటి పెంపకం నల్లేరుపై బండి నడకే.