పేరొకటే, మనిషి వేరు

రాజమండ్రి వద్ద గోదావరిపై 1900లో ప్రారంభమైన పాత రైలు వంతెనను హేవలాక్ వంతెన అంటారు. అండమాన్‌లో విహారయాత్రికులు విశేషంగా సందర్శించే ఒక ద్వీపానికి కూడా 2018 వరకు హేవలాక్ అనే పేరే ఉండేది. రెండూ ఒకే వ్యక్తి పేరిట వెలిసినవని అనుకోవడం సహజం. అయితే వంతెనకు పేరిచ్చినది నాటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హేవలాక్. ద్వీపానికి పేరిచ్చినది 1857 తిరుగుబాటును అణచివేసిన సేనానులలో ఒకరై, అదే ఏడాది లక్నోలో మరణించిన హెన్రీ హేవలాక్. గవర్నర్‌కు ఈ సేనాని స్వయానా పినతండ్రి.

ఉపఖండం పటంపై ఇటువంటి పేర్లు మరికొన్ని ఉన్నాయి. చూడగానే మనకు తెలిసిన మనిషి స్ఫురిస్తాడు. తరచి చూస్తే ఆయన వేరొకరు. ఆంగ్లేయ పాలకులు ఊళ్లకు, రేవులకు, దీవులకు తమవారి పేర్లను ధారాళంగా పెట్టుకున్నందువల్ల వచ్చిన చిక్కు ఇది. దీనిని కేవలం వినోదంగా కొట్టివేయలేము.

హేవలాక్‌కు పొరుగున ఉన్న నీల్ ద్వీపాన్నే తీసుకోవచ్చు. నీలి సముద్రం నడుమ ఉన్నది కనుక ఆ పేరు వచ్చిందనుకున్నవారు ఉండవచ్చు. చంద్రునిపై కాలుమోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ గుర్తుకు వచ్చినా తప్పు పట్టలేము. కానీ ఆ నీల్ మద్రాసు ఫ్యూజిలియర్స్ దళానికి చెందిన జేమ్స్ నీల్. 1857లో అలహాబాద్‌లో సామూహికంగా ఉరితీతలు జరిపించిన అధికారి ఆయనే. కాన్పూరులో ఖైదీల చేత నేలపై ఎండిన నెత్తురును నాకించి, ఆపైన ఉరి వేయించాడు. ఆ సెప్టెంబర్‌లో లక్నో పోరులో మరణించాడు.

మద్రాసు మౌంట్ రోడ్డులో ఈయనకు విగ్రహం నిలిపారు. దానిని తొలగించాలని 1927లో సత్యాగ్రహం జరిగింది. పాల్గొన్నవారు జైళ్లకు వెళ్లారు. చివరకు 1937లో రాజాజీ మంత్రివర్గం అధికారంలోకి వచ్చిన తరువాత విగ్రహాన్ని మ్యూజియానికి తరలించారు. కాగా అండమాన్‌లో ఆయన పేరు మరో 81 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2018 డిసెంబర్ 30న నీల్ ద్వీపం షహీద్ ద్వీప్‌గా, హేవలాక్ ద్వీపం స్వరాజ్ ద్వీప్‌గా మారాయి. నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో పతాకం ఎగురవేసి ఆ రోజుకు సరిగ్గా 75 ఏళ్లు. విగ్రహం నిత్యం కళ్లెదుట ఉంటుంది కనుక కోపం తెప్పించింది. పటంపై ఉన్న నాలుగక్షరాల వెనుక ఎవరున్నారో అడిగినవారు తక్కువ.

ఆనాడే పేరు మారిన మూడవది రాస్ ద్వీపం. సికింద్రాబాద్‌లో 1897లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న రొనాల్డ్ రాస్ మన పాఠకులకు సుపరిచితుడు. ద్వీపానికి పేరిచ్చినది ఆయన కాదు, డేనియల్ రాస్ అనే సముద్ర సర్వేయరు. ఆ ద్వీపం ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. ఇక పోర్ట్ బ్లెయిర్‌కు, బ్రిటన్ మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్‌కు సంబంధం లేదని చెప్పనవసరం లేదు. 1789లో అక్కడ స్థావరం నెలకొల్పిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం దానిని శ్రీ విజయపురంగా మార్చింది.

సరిహద్దుకు ఆవల పాకిస్తాన్ పంజాబ్‌లోని సాహివాల్ నగరానికి 1960వ దశకం వరకు మాంట్‌గొమరీ అని పేరు. ఆ మాట వినగానే రెండవ ప్రపంచ యుద్ధంలో ఎల్ అలమీన్ విజేత అయిన ఫీల్డ్ మార్షల్ మదిలో మెదలుతారు. నిజానికి 1865లో నగరానికి ఆ పేరు పెట్టేనాటికి ఆయన పుట్టనే లేదు. అది ఆయన తాతగారు, పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా పనిచేసిన రాబర్ట్ మాంట్‌గొమరీ పేరు. 1857లో లాహోర్‌లోని సిపాయిలను నిరాయుధులను చేయించడంలో ముఖ్యపాత్ర ఈయనదే.

తెలుగువారిని అన్నిటికంటె ఎక్కువగా పొరబాటు పట్టించగల పేరు కేరళలో ఉన్నది. కొల్లం జిల్లాలో కల్లడ నది అష్టముడి సరస్సులో కలిసేచోట మన్రో దీవి ఉంది. రాయలసీమవాసులకు మన్రో అంటే థామస్ మన్రో. దత్తమండలాల కలెక్టరుగా రైత్వారీ పద్ధతిని నెలకొల్పి, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో మరణించిన ఆయన పేరును పిల్లలకు సైతం పెట్టుకున్నారు. ఈ దీవి మన్రో మాత్రం తిరువాంకూరు రెసిడెంటుగాను, దివానుగాను పనిచేసిన కల్నల్ జాన్ మన్రో.

ఈ పేరును మార్చాలన్న దానికంటె పెద్ద చింతే అక్కడివారికి ఉన్నది. కొన్నేళ్లుగా పోటు వచ్చినప్పుడల్లా సరస్సు నీరు ఇళ్లలోకి చేరుతోంది. గోడలు బీటలు వారి, నేల కుంగి, అనేక కుటుంబాలు దీవిని విడిచి వెళ్లిపోయాయి.