మీకు తెలుసా? కూలర్‌కూ గాలివాటం ఉంది

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో వేసవి గాలి రెండు రకాలు. పడమటి నుంచి వీచే వడగాలి పొడిగా ఉంటుంది, సముద్రం మీదుగా వచ్చేది తేమను మోసుకొస్తుంది. లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి. తడిపిన వట్టివేళ్ల తడికైనా, కూలరైనా ఆ వేడిని గాలిలోంచే లాగుతుంది. అందుకే పడమటి గాలికి అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. సముద్రపు గాలిలో నీరు సరిగా ఆవిరి కాదు, గదిలో ఉక్కపోత పెరుగుతుంది. సూర్యలంక తీరం వైపు నుంచి గాలి తిరిగిన సాయంత్రం కూలర్ ఆపి, ఎదురెదురు కిటికీలు తెరవడమే మేలు.

అసలు బాధ నెత్తిమీది శ్లాబుతో. పగలు తాగిన ఎండను రాత్రి గదిలోకి వదులుతుంది. తాటాకు కప్పులో ఆకుల మధ్య చిక్కిన గాలే వేడిని ఆపేది. కానీ 1977 నవంబరు ఉప్పెనను చూసిన తీరంలో శ్లాబు కోరుకోవడం న్యాయమే. ఆ శ్లాబుకు ఎండలు ముదరకముందే తెల్ల సున్నం పూస్తే ఎండ చాలావరకు తిరిగి ఆకాశంలోకే పోతుంది. ఇదే సూత్రంతో తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మన డాబాకు కావలసింది బకెట్టు సున్నం, ఒక కుంచె, ఒక పూట పని.