పిప్పి పన్నుకు బిళ్ళ విరుగుడు కాదు

అమరావతి నుంచి గుంటూరు మీదుగా ప్రకాశం మెట్టల దాకా పరచుకున్న నల్లరేగడి నేలల్లో పత్తి వేసిన రైతు కుటుంబాలకు 1987-88 మరపురాని సంవత్సరం. పచ్చ పురుగు కాయలను తొలిచేస్తుంటే రైతులు పైరిథ్రాయిడ్ మందులను మళ్ళీ మళ్ళీ చల్లారు. పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పురుగు అప్పటికే మందుకు తట్టుకునే శక్తిని సంతరించుకున్నదని శాస్త్రజ్ఞుల పరీక్షల్లో తేలింది. మందు చల్లిన ప్రతిసారీ బలహీనమైన పురుగులు చచ్చాయి, మొండివి మిగిలి సంతతిని పెంచుకున్నాయి. ఈ పాఠాన్ని మన రైతులు పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్నారు. అయితే అదే పొరపాటును మనం మన నోటిలోనే చేస్తున్నామన్న సంగతి చాలామందికి తెలియదు.

రాత్రి పన్ను పోటు మొదలవుతుంది. తెల్లవారగానే ఇంటిల్లో ఒకరు మెడికల్ షాపుకు వెళ్ళి, చీటీ లేకుండానే నాలుగు అమాక్సిసిలిన్ బిళ్ళలు, ఒక నొప్పి మాత్ర తెస్తారు. రెండు రోజుల్లో పోటు తగ్గుతుంది. మిగిలిన బిళ్ళలు అలమారాలోకి చేరతాయి. నెల తిరిగేసరికి మళ్ళీ పోటు, మళ్ళీ బిళ్ళలు. పన్ను బాగుపడదు గాని, నోటిలోని క్రిములు మాత్రం మందుకు అలవాటుపడతాయి.

పన్ను పుచ్చిపోవటానికి పురుగు కారణమని మన పెద్దలు నమ్మేవారు. నిజానికి అది కంటికి కనిపించని బాక్టీరియా పని. వాటిలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను 1924లో లండన్‌లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పిప్పి పళ్ళ నుంచి వేరుచేసి పేరు పెట్టాడు. మనం తిన్న చక్కెరను ఇది రెండు విధాలుగా వాడుకుంటుంది. కొంత చక్కెరతో జిగురు తయారుచేసుకుని పంటికి అంటుకుంటుంది. మరికొంత చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటి పైనున్న ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. లాలాజలం ఆమ్లాన్ని విరిచి ఖనిజాలను తిరిగి అందిస్తుంది. కానీ గంట గంటకూ తీపి నోటిలో పడుతూ ఉంటే లాలాజలానికి ఆ వ్యవధి దొరకదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం, శాశ్వత దంతాలు పుచ్చిపోయినవారు లోకంలో సుమారు 200 కోట్ల మంది. పాలపళ్ళు పుచ్చిన పిల్లలు 51 కోట్లకు పైనే.

ఈ బాక్టీరియా విడివిడిగా బ్రతకదు. మనం 'పాచి' అని పిలిచే జిగురు పొరలో ఎన్నో జాతులతో కలిసి కోట కట్టుకుని ఉంటుంది. మందు ఆ కోట లోపలికి సులభంగా చొరబడదు. లోపలి పొరల్లోని క్రిములు పెరుగుదలను మందగింపజేసుకుని నిద్రాణంగా ఉంటాయి. పెరిగే క్రిములను దెబ్బతీసేందుకు తయారైన మందులు వాటిని అంతగా తాకవు. పైగా ఒక క్రిమి సంపాదించిన నిరోధక శక్తిని, దానికి సంబంధించిన జన్యువుల రూపంలో పొరుగు క్రిములు అందుకోగలవు.

ఈ ప్రమాదం నోటితో ఆగదు. నోటిలో నిరపాయంగా ఉండే కొన్ని స్ట్రెప్టోకాకస్ జాతుల నుంచి జన్యు ఖండాలను అందుకునే న్యుమోనియా బాక్టీరియా పెన్సిలిన్‌ను ఎదిరించటం నేర్చుకున్నదని పరిశోధకులు నిరూపించారు. అంటే పన్ను పోటుకు అనవసరంగా మింగిన బిళ్ళ, రేపు ఇంట్లోని పసిబిడ్డకో వృద్ధురాలికో ఊపిరితిత్తుల జబ్బు వచ్చినప్పుడు అవసరమైన మందును నిర్వీర్యం చేయవచ్చు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మంది మరణించారని అంచనా. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ బహుమతి ప్రసంగంలో, దుకాణంలో ఎవరైనా మందు కొనుక్కుని చాలీచాలని మోతాదులో వాడే రోజు గురించి హెచ్చరించాడు.

అసలు ఆ బిళ్ళ పిప్పి పన్నును బాగుచేస్తుందా? చేయదు. పంటి లోపలి గుజ్జు చచ్చిపోతే అక్కడికి రక్త ప్రసరణ ఉండదు. రక్తం చేరని చోటికి మందూ చేరదు. అందుకే అమెరికా దంతవైద్య సంఘం 2019లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, చాలా రకాల పన్ను పోట్లకు యాంటీబయాటిక్ వద్దని, పంటికే చికిత్స చేయాలని సూచించింది. పుచ్చును తొలగించి నింపటం, వేరు చికిత్స, తప్పనిసరైతే పన్ను తీయటం – ఇవీ అసలు వైద్యాలు. అయితే ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవటం, మింగటం కష్టమైనా యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. దవడ కింద వాపు పెరిగి ఊపిరి ఇబ్బంది పడితే ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. వైద్యుడు రాసిన మందును చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలి.

ఇక నివారణ విషయంలో మన ధర్మం మన చేతికి ఎప్పుడో ఒక సాధనాన్ని అందించింది. అనుచర సముదాయానికి కష్టమవుతుందన్న సంకోచమే లేకపోతే ప్రతి నమాజు వేళా మిస్వాక్ చేయమని ఆజ్ఞాపించి ఉండేవాడినని దైవప్రవక్త (స) చెప్పినట్లు ప్రామాణిక హదీసు తెలియజేస్తున్నది. తుదిఘడియల్లో సైతం ఆయన దృష్టి మిస్వాక్ మీదికి మళ్ళితే, హజ్రత్ ఆయిషా (రజి) దానిని నమిలి మెత్తబరచి అందించారు.

ఇక్కడ ఒక విషయాన్ని నిజాయితీగా చెప్పుకోవాలి. 2011లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు పీలూ చెట్టు వేరులోని ఒక పదార్థం చిగుళ్ళ వ్యాధి కలిగించే బాక్టీరియాను వేగంగా చంపుతుందని చూపారు. అయితే పళ్ళను పుచ్చబెట్టే మ్యూటన్స్ చేరే తరగతి మీద దాని ప్రభావం అంతంతమాత్రమే. కాబట్టి మిస్వాక్‌ను మందుగా కాక, నిత్య శుభ్రతగా చూడటమే సముచితం. పాచి కోటను కూల్చేది రాపిడే. మందుకు లొంగకుండా తప్పించుకోవటం క్రిమికి సాధ్యమే కాని, రోజూ పడే పుల్ల రాపిడి నుంచి తప్పించుకోవటం సాధ్యం కాదు. వేప పుల్ల అయినా, బ్రష్ అయినా పని అదే.

టూత్‌పేస్ట్‌లోని ఫ్లోరైడ్ ఎనామిల్‌ను గట్టిపరుస్తుంది. అయితే మన ప్రాంతంలో ఒక జాగ్రత్త అవసరం. తాగునీటిలోని ఫ్లోరైడ్ మితిమీరితే వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొట్టమొదట 1937లో గుర్తించింది నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలలోనే. అటువంటి ఊళ్ళలో పిల్లలకు ఏ పేస్ట్ వాడాలో దంతవైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. మిగతా చోట్ల మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పేస్ట్ చాలు.

ఇంట్లో పాటించవలసినవి కష్టమైనవి కావు. పసిబిడ్డను తీపి పాలసీసా నోట ఉంచి నిద్రపుచ్చకూడదు. తల్లి నోటిలో పెట్టుకున్న చెంచాతో బిడ్డకు తినిపిస్తే ఆ క్రిములు బిడ్డకు సంక్రమిస్తాయి. తీపిని రోజంతా కొద్దికొద్దిగా కాక, భోజనంతోపాటు తిని ముగించాలి. రమజాన్‌లో ఇఫ్తార్ షర్బత్ నుంచి సహరీ దాకా తింటూనే ఉండక, సహరీ అనంతరం తప్పక పళ్ళు తోముకోవాలి. హనఫీ ఫిఖ్ ప్రకారం ఉపవాస స్థితిలోనూ మిస్వాక్ చేయవచ్చు. నోరు పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ మందును వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి వాడరాదు.

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. రోగాన్ని నయం చేసే మందు కూడా అమానతే. అది మన ఒక్కరిది కాదు, మన తరువాతి తరాలది. మందు వృథా అయితే ఏమవుతుందో మన పత్తి చేలు ఒకసారి చూపించాయి. ఆ పాఠం మన పిల్లల విషయంలో మళ్ళీ నేర్చుకోవలసిన అగత్యం రాకూడదు. ఈ రాత్రి ఇషా నమాజు వుజూకు ముందు పుల్లో, బ్రష్షో చేతికి తీసుకుందాం. పిల్లల్ని కూడా పక్కన నిలబెట్టుకుందాం.