20 వాట్లు చాలవా?

ఇంట్లో పాట వినడానికి ఎంత పెద్ద యాంప్లిఫయర్ కావాలో ముఖచిత్ర కథనంగా రాయమన్నారు ఎడిటర్ గారు. గడువు గురువారం. షోరూముల్లో నాలుగు మెరిసే పెట్టెలు ఫొటో తీయించి, పక్కన ధరలు వేసేస్తే పని అయిపోయేది. ఈలోపు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో పెట్టిన ఒక నిబంధన కంటబడింది. ధరల పట్టిక మూలన పడింది.

అప్పట్లో అక్కడి కంపెనీలు వాట్లను తోచినట్టు వేసుకునేవి. ఒక్కో చానెల్‌కి ఎంతో చెప్పకుండా రెండూ కలిపేసేవి. నిలకడగా ఇచ్చే శక్తిని వదిలేసి, రెప్పపాటు ఎగసే శక్తిని లెక్కలోకి తీసుకునేవి. కమిషన్ దానికి అడ్డుకట్ట వేసింది. ప్రకటనలో వాట్లు వేస్తే అవి రెండు చానెళ్లూ ఒకేసారి నిలకడగా ఇవ్వగలిగినవై ఉండాలి. ఎన్ని ఓమ్‌ల మీద, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా, ఎంత డిస్టార్షన్‌తో అన్నదీ చెప్పాలి.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక చిన్న షరతు. కొలతకు ముందు, చెప్పుకున్న శక్తిలో మూడో వంతు దగ్గర యాంప్లిఫయర్‌ని గంటసేపు నడపాలి. మూడో వంతే కదా అనిపిస్తుంది. కిటుకు అక్కడే ఉంది. మామూలు ఇంటి యాంప్లిఫయర్‌లో చివరి ట్రాన్సిస్టర్లు బాగా వేడెక్కేది పూర్తి శక్తి దగ్గర కాదు, దాదాపు 40 శాతం దగ్గర. పూర్తిగా తెరిస్తే శక్తిలో ఎక్కువ భాగం స్పీకర్‌కి పోతుంది. మధ్యలో ఉంటే చాలా మటుకు ట్రాన్సిస్టర్‌లోనే వేడిగా మిగులుతుంది. మూడో వంతు అంటే పెనం మీద కూర్చోబెట్టడమే. కంపెనీలు గోల పెట్టాయి. చివరికి 2000లో ఆ షరతు ఎనిమిదో వంతుకి దిగింది.

మన దగ్గర 1990ల్లో టూ-ఇన్-వన్‌ల నుదుటిన ‘పీఎంపీవో’ పేరుతో వందలు, వేల వాట్ల స్టిక్కర్లు మెరిసేవి. అదే సెట్టు వెనక రేకు చూస్తే గోడ సాకెట్ నుంచి తీసుకునేది ఏ పాతిక, ముప్పై వాట్లో. పాతిక పుచ్చుకుని వెయ్యి ఇచ్చే దాత కర్ణుడి తర్వాత ఆ స్టిక్కరే. పాత సెట్లు బేరమాడేటప్పుడు నేనిప్పటికీ ముందు వెనక్కి తిప్పి చూస్తాను.

అందుకే నాడ్ కంపెనీ యాంప్లిఫయర్ 3020 అంటే నాకు పక్షపాతం. చానెల్‌కి 20 వాట్లని మాత్రమే రాసుకుంది. చరిత్ర ఒక్క గుక్కలో: నాడ్ 1972లో లండన్‌లో మొదలైంది, నార్వే ఇంజినీరు బ్యోర్న్ ఎరిక్ ఎడ్వర్డ్‌సన్ రూపొందించిన 3020 ఆ దశాబ్దం చివర్లో వచ్చింది, తైవాన్‌లో తయారై, చవగ్గా దొరికి, ఊరూరా అమ్ముడైంది. అందం అంతంత మాత్రం. విప్పితే మన మెకానిక్కులకి తెలిసిన ముఖాలే కనిపిస్తాయి: 2ఎన్3055, దాని జోడీ ఎంజే2955. అసెంబుల్డ్ సెట్లు కట్టేవాళ్లు దశాబ్దాలుగా బిగించిన లోహపు టోపీ ట్రాన్సిస్టర్లు.

మరి 20 వాట్లు చాలతాయా? లెక్క చూడండి. ఒక వాట్‌కి మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ ఉందనుకుందాం. ఆ ఒక్క వాట్‌కే గదిలో మాట వినపడడం కష్టం. 20 వాట్లకు అది 101 అవుతుంది. 40 వాట్ల యాంప్లిఫయర్ కొంటే పెరిగేది మరో 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే శక్తి సుమారు పదింతలు కావాలి. అంటే 200 వాట్లు!

చిక్కు సగటు శబ్దంతో రాదు, దెబ్బతో వస్తుంది. డప్పు మీద పుల్ల పడ్డ క్షణంలో సగటుకి పదింతలు అడుగుతుంది. 3020 ఆ క్షణానికి దాదాపు 40 వాట్లు ఇవ్వగలదు. 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకర్ కొన్ని స్వరాల దగ్గర నాలుగుకి జారినా కరెంటుకి వెనకాడదు. మరీ తిప్పేస్తే, వెనక ఉన్న సాఫ్ట్ క్లిప్పింగ్ స్విచ్ తరంగం కొసలు కత్తిరించినట్టు తెగిపోకుండా గుండ్రంగా మలుస్తుంది. ట్వీటర్ బతుకుతుంది.

2024లో కమిషన్ నిబంధన మళ్లీ బిగించింది. కొలత 8 ఓమ్‌ల మీద, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, ఒక శాతం లోపు డిస్టార్షన్‌తో ఉండాలంది. మన ఆన్‌లైన్ దుకాణాల్లో అరచేతిలో ఇమిడే బోర్డులు ‘100+100’ అంటున్నాయి. కింద అడాప్టర్ చూడండి. 24 వోల్టులు, 3 ఆంపియర్లయితే గుణకారం 72. అందులోంచి రెండు వందలు ఎలా తీస్తారో అమ్మేవాడే చెప్పాలి.

మోనో పరీక్ష
ఘంటసాల పాత సినిమా పాట పెట్టండి. మోనో కాబట్టి గొంతు రెండు స్పీకర్ల నడిమధ్య నిలబడాలి. చెదిరి, డొల్లగా వినిపిస్తే ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయి.

వెనక రెండు కొక్కేలు
పాత ఇంటిగ్రేటెడ్ సెట్లు కొన్నిటి వెనక ‘ప్రీ అవుట్’, ‘మెయిన్ ఇన్’లను కలుపుతూ యూ ఆకారపు లోహపు కడ్డీలు ఉంటాయి. సెకండ్‌హ్యాండ్ సెట్లో అవి పోతే పాట రాదు. సెట్టు పాడైందని తక్కువకి అమ్మేస్తుంటారు. మామూలు ఆర్‌సీఏ వైరు ముక్కతో కలిపి చూడండి.

అమెరికా నుంచి తెస్తే
అక్కడి సెట్టు 120 వోల్టులది. మన 230కి నేరుగా పెట్టారా, పొగే. సరిపడా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు.