తెల్లకోటునకు ముందటి యేడు

వైద్యవిద్యలో ప్రవేశించుటకు దారి యొక్కటే యని మనవారిలో చాలమంది తలంతురు: ఇంటర్మీడియట్‌లో బైపీసీ, ఆపై నీట్, ఆపై ర్యాంకు, కౌన్సెలింగు, సీటు. ఈ వరుసలో విద్యార్థిని వైద్యుడు కాదగినవాడా యని పరీక్షించునది ఒక్క మధ్యాహ్నము మాత్రమే; మూడు గంటలలో 180 ప్రశ్నలకు జవాబు గుర్తించి, 720 మార్కులలో తనకెన్ని వచ్చునో తేల్చుకొని బయటకు వచ్చిన పిల్లవాడు, తాను రేపు ఎట్టి మనుష్యుడై రోగి మంచము చెంత నిలుచునో ఎవరికిని చెప్పవలసిన పని లేదు. బ్రిటన్‌లోని కొన్ని వైద్యకళాశాలలు ఇరువదియేండ్లకు పైగా ఇందుకు భిన్నమైన మరియొక దారిని గూడ నడుపుచున్నవి. ఆ దారిలో కోర్సునకు ముందు ఒక సన్నాహక సంవత్సరము కలదు. ఆ సంవత్సరాంతమున విద్యార్థిని లోనికి పంపుటకు మార్కులతో పాటు నడవడిని గూడ లెక్కింతురు. ఆ లెక్క ఎట్టిదో, దానినంత పట్టుదలతో ఏల వేయుచున్నారో తెలిసికొనుట మనకు నిరుపయోగము కాదు.

లండన్‌లోని కింగ్స్ కళాశాల 2001లో వైద్యకోర్సును ఒక యేడు పొడిగించి, తొలి దశను నెమ్మదిగా బోధించు పద్ధతిని ఆరంభించినది. మరుసటి యేడు సౌతాంప్టన్ విశ్వవిద్యాలయము ఐదేండ్ల కోర్సునకు ముందు 'సున్నా సంవత్సరము' అనదగిన యొక యేటిని చేర్చినది. లీడ్స్, బ్రిస్టల్, నారిచ్ మొదలైన పట్టణములలోని విశ్వవిద్యాలయములు గూడ కాలక్రమమున ఈ బాట పట్టినవి. దీని యుద్దేశము సంపన్నుల బిడ్డలకు దొడ్డిదారి తెరచుట కాదు. బడిలో ఉచిత భోజనమునకు అర్హులైనవారు, కుటుంబమున తొలిసారిగా కళాశాల మెట్టు ఎక్కినవారు, తలిదండ్రుల నీడ లేక ప్రభుత్వ సంరక్షణలో పెరిగినవారు — ఇట్టివారిలో ప్రతిభ కొరవడలేదనియు, కొరవడినది అవకాశమేననియు గుర్తించి, సాధారణముగా మూడు సబ్జెక్టులలోను ఉన్నత శ్రేణి కోరు వైద్యకళాశాలలు వీరి విషయమున ఒకటి రెండు శ్రేణులు సడలించి చేర్చుకొని, ఆ సడలింపునకు బదులుగా ఒక యేడు కష్టపడి సిద్ధము కమ్మని చెప్పుచున్నవి. ద్వారమున సడలింపు కలదు గాని, లోపలి గడప దగ్గర లేదు.

మొదట చదువు సంగతి. ఆ యేట జీవకణ శాస్త్రము, దేహధర్మ శాస్త్రము, రసాయనము, గణాంకములు, శాస్త్రీయముగా వ్రాయు నేర్పు మొదలైనవానిని బోధించి, పలుచోట్ల వృద్ధుల సంరక్షణ గృహములకును, కుటుంబ వైద్యుల ఆస్పత్రులకును విద్యార్థులను పంపుదురు. బ్రిటిష్ విశ్వవిద్యాలయములలో సామాన్య పట్టమునకు ఉత్తీర్ణతాంకము నూటికి 40. వైద్యవిద్యలో అది తరచుగా 50. కొన్ని సన్నాహక సంవత్సరములలో అంతకన్నను హెచ్చు. అయితే అంకె కన్న ముఖ్యమైన నియమము మరియొకటి కలదు. సామాన్య పట్టములలో ఒక పాఠ్యభాగమున కొద్దిగా తప్పినవాడు మరియొక దానిలో తెచ్చుకొన్న హెచ్చు మార్కులతో ఆ లోటు పూడ్చుకొనవచ్చును. వైద్యవిద్యకు సిద్ధపరచు నీ యేట చాల కళాశాలలు ఆ సర్దుబాటును అంగీకరింపవు. రసాయనమున తొంబది వచ్చినను దేహధర్మ శాస్త్రమున తప్పినవాడు తప్పినవాడే. గుండె పనితీరు తెలియని లోటును గణాంకముల నేర్పు తీర్చజాలదు గదా! మరల వ్రాయుటకు సాధారణముగా ఒక్క అవకాశమే యుండును. అదియు చేజారినచో ఆ విద్యార్థి వైద్యమును విడిచి జీవశాస్త్ర సంబంధమైన వేరొక పట్టమునకు మరలుటయో, విశ్వవిద్యాలయమును వదలుటయో జరుగును.

ఇక నడవడి సంగతి. బ్రిటన్‌లో వైద్యుల పేర్లు నమోదు చేయు జనరల్ మెడికల్ కౌన్సిల్ 1858 నాటి చట్టముచే ఏర్పడినది. ఆ పట్టికలో విద్యార్థుల పేర్లుండవు. కాబట్టి, వారి నడవడిని కనిపెట్టు బాధ్యత కళాశాలలదే. పట్టము చేతికి వచ్చిన దినమున ఈ వ్యక్తి రోగుల నప్పగింపదగినవాడని కళాశాల సాక్ష్యము పలుకవలెను. ఆ సాక్ష్యమునకు ఆధారము చివరి దినమున దొరకునది కాదు గనుక, తొలి దినమునుండియే సమకూర్చుకొందురు. విద్యార్థి చేరునప్పుడే పోలీసు రికార్డుల తనిఖీ జరుగును, ఆరోగ్య పరీక్ష, కావలసిన టీకాలు ఉండును, నియమావళిపై సంతకముండును. కౌన్సిల్ 2016లో వైద్యకళాశాలల మండలితో కలిసి వెలువరించిన మార్గదర్శక సూత్రములు ఏయే సందర్భములు ఆందోళనకరములో స్పష్టముగా పేర్కొన్నవి: నేరశిక్ష, మాదకద్రవ్యములు, మద్యము, హింసాత్మక ప్రవర్తన, పరీక్షలలో మోసము, ఇతరుల రచనను తనదిగా చూపుట, అబద్ధము, పదేపదే బాధ్యత విస్మరించుట.

ఈ పట్టికలో హింస, నేరము ఎవరికైనను అర్థమగును. కాని పరీక్షలో పక్కవాని కాగితము చూచుటయు, చేయని పని చేసితినని చెప్పుటయు అంత పెద్ద తప్పులా యని మన పాఠకునకు సందేహము కలుగుట సహజము. మన కళాశాలలలో 'ప్రాక్సీ' అను మాట ఎరుగనివారు లేరు. రాని మిత్రునికై హాజరు పలుకుట స్నేహధర్మమనియే పేరుపొందినది. దీనిని కొంచెము దగ్గరగా చూతము. సంరక్షణ గృహమునకు పోవలసిన ఉదయమున ఒక విద్యార్థి నిద్ర లేవలేదు. అతని పేరున మిత్రుడు సంతకము చేసెను. ఆ కాగితముపై ఇప్పుడొక అసత్యమున్నది గాని ఎవరికిని హాని జరుగలేదు. నాలుగేండ్ల పిమ్మట అదే యువకుడు వార్డులో నిలిచి, రాత్రి జాగరణచే అలసి, ఆరుగురు రోగులకు రక్తపోటు చూడవలసియుండగా నలుగురికి చూచి, నిదురించుచున్న తక్కిన యిద్దరిని లేపుట యెందుకని, వారి మంచముల కడ నున్న చార్టులలో 120/80 అని వ్రాసెననుకొనుడు. చూచుటకు ఎంతటి శుభప్రదమైన అంకె! తెల్లవారి వచ్చిన పెద్ద వైద్యుడు ఆ అంకెను నమ్మి మందు మోతాదు నిర్ణయించును; ఆ యిద్దరిలో ఒకని రక్తపోటు నిజముగా పడిపోవుచుండినచో, దానిని కనిపెట్టవలసిన గడియ ఆ చార్టులోనే సమాధియైపోవును. మొదటి సంతకమునకును ఈ అంకెకును భేదము ఫలములో నున్నదే గాని స్వభావములో లేదు. రెండును, ఎవరును చూడనప్పుడు, జరుగని దానిని జరిగినట్లు వ్రాయుటయే.

వైద్యవృత్తి సమస్తమును ఈ చూడని గడియల మీదనే ఆధారపడియున్నది. మంచము చెంత వైద్యుడు చేసిన పరీక్షకు సాక్షులు అరుదు. అతడు వ్రాసినదే సత్యముగా తరువాతివారు గ్రహింతురు. కావుననే ద్వారము దగ్గర మార్కులలో కొంత సడలింపు సాధ్యమైనను, సత్యసంధతలో సర్దుబాటు లేదు. ఒక సబ్జెక్టులో నూటికి నూరు తెచ్చుకొన్నవాని అబద్ధమును ఆ నూరు మార్కులు కొట్టివేయజాలవు. ఈ తీరును కేవల నీతిబోధగా భావింపరాదు. దీనికి పరిశోధనయు తోడ్పడుచున్నది. అమెరికాలోని మాక్సీన్ పపడాకిస్ బృందము 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించిన వ్యాసమున, రాష్ట్ర వైద్యమండలుల శిక్షకు గురియైన 235 మంది వైద్యుల విద్యార్థిదశ రికార్డులను, శిక్ష లేని 469 మంది రికార్డులతో పోల్చి చూచినది. విద్యార్థిగా అనుచిత ప్రవర్తన నమోదైనవారు పిదప శిక్ష పొందు సంభావ్యత, నమోదు కానివారికన్న సుమారు మూడు రెట్లుగా తేలినది. అందులోను బలమైనవి రెండు: తీవ్రమైన బాధ్యతారాహిత్యము, తప్పును చూపినప్పుడు దిద్దుకొనజాలని స్వభావము. తొలి రెండేండ్లలోని తక్కువ మార్కులకును కొంత సంబంధము కనబడినది గాని, అది ప్రవర్తనతో తూగదగినది కాదు. ఇది జాతకము కాదు. తప్పు చేసిన ప్రతి విద్యార్థియు చెడ్డ వైద్యుడగునని దీని యర్థము కాదు. ఏ సూచనను ముందుగా పట్టించుకొనవలెనో మాత్రము ఇది తెలుపుచున్నది.

ఇంతమాత్రముచే సన్నాహక సంవత్సరమున విద్యార్థులందరును మునులవలె నుండవలెనని ఎవరును కోరుట లేదు. పదునెనిమిదేండ్ల వయస్సున తప్పులు చేయనివారెవరు? ఆలస్యముగా వచ్చుట, అప్పగించిన వ్యాసమును గడువు దాటించుట వంటి చిన్నవి మొదట బోధకుని మాటతోనే సమసిపోవును. అవి పేరుకొన్నప్పుడు లిఖితపూర్వకముగా హెచ్చరింతురు. తీవ్రమైనచో విచారణ సంఘము కూర్చుండి, విద్యార్థి మాట విని, హెచ్చరికయో, షరతులతో కొనసాగింపో, కొంతకాల నిషేధమో, తుదకు తొలగింపో నిర్ణయించును. ఆ సంఘము ముఖ్యముగా చూచునది ఒక్కటి: చేసినదానిని ఈతడు తెలిసికొన్నాడా? తల్లికి జబ్బుచేసినందున రాలేకపోవుచున్నానని ముందుగానే తెలిపినవానికిని, మూడు వారములు మాయమై, అడిగినప్పుడు దొంగ వైద్యపత్రము తెచ్చినవానికిని హాజరుపట్టికలో గైర్హాజరు ఒక్కటే. తీర్పులో మాత్రము వారిద్దరికి నడుమ ఒక జీవితమంత దూరము. ఆరోగ్యము విషయమునను ఇదియే న్యాయము. మనోవ్యాకులతతో బాధపడుట దోషము కాదు. సహాయము కోరి చికిత్స పొందువానికి కళాశాల తోడుపడును. జబ్బును దాచి, చికిత్సను నిరాకరించి, రోగులకు ప్రమాదము తెచ్చు స్థితియే ఆక్షేపణీయము.

విద్యార్థి నడవడిని ముందుగానే పరీక్షింపవలెనను ఈ భావము పాశ్చాత్యుల కొత్త కల్పన యని తలంచువారు మన ప్రాచీన వైద్యగ్రంథములను ఒకమారు తెరచి చూడవలెను. చరకసంహిత విమానస్థానమున, శిష్యుని చేర్చుకొనుటకు ముందు అతని గుణములను పరీక్షింపవలెననియు, చేర్చుకొన్న పిదప అగ్నిసాక్షిగా అతనికి నియమములు ఉపదేశింపవలెననియు విస్తరముగా నున్నది. సత్యము పలుకవలెను, రోగి యింటి గుట్టు వెలిపుచ్చరాదు, మనోవాక్కాయములను రోగి హితమందే నిలుపవలెను అనునవి వానిలో కొన్ని. సుశ్రుతుడు శస్త్రవిద్యకు గుమ్మడి, సొర మొదలైన కాయలపై అభ్యాసము విధించెను. చేతి నేర్పును, నడవడిని రోగి చెంతకు పోకముందే పరీక్షించుట మనకు తాతలనాటి మాటయే.

అయితే ఒక్క ముఖాముఖిలో నడవడి తెలియునా? అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచిన తెలియును గాని, మనుష్యుడు అన్నము వంటివాడు కాడు. అరగంట సేపు వినయము నటించుట ఎవరికైనను సాధ్యమే; ముప్పది వారములు సాధ్యము కాదు. సన్నాహక సంవత్సరపు విలువ ఇందులోనే యున్నది.

విదేశములకు పిల్లలను పంపదలచిన తెలుగు తలిదండ్రులు ఇచ్చట ఒకటి రెండు లౌకిక విషయములు గమనింపవలెను. పైన చెప్పిన ద్వారములు సాధారణముగా బ్రిటన్‌లోనే పెరిగిన, అవకాశములు కొరవడిన విద్యార్థులకే తెరచియుండును. అచ్చట స్థిరపడిన మన వైద్యుల బిడ్డలకు సైతము అవి తరచుగా వర్తింపవు. విదేశీ విద్యార్థులకై నడచు ఫౌండేషన్ కోర్సులు వేరు. వానిలో కొన్ని మంచి మార్కులకు ముఖాముఖిని మాత్రమే హామీ యిచ్చును గాని సీటును కాదు. రుసుము చెల్లించుటకు ముందే, పై కోర్సులోనికి పోవుటకు కావలసిన మార్కులెన్ని, మరల వ్రాయు అవకాశము కలదా, నడవడి నియమములేమి యని వ్రాతమూలముగా అడిగి తెలిసికొనుట మేలు. ఫిలిప్పీన్స్‌లో ఎం.డి. కోర్సునకు ముందు బి.ఎస్. చదువవలసియుండును; అయితే మన జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో విధించిన నియమముల ప్రకారము విదేశ వైద్యకోర్సు కనీసము 54 నెలలును, ఆపై అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్పును ఉండవలెను. ముందటి చదువు కాలమును ఈ నెలలలో కలిపి లెక్క చెప్పు ఏజెంటు మాట నమ్మి చిక్కులపాలు కారాదు.

మరి మనకు సన్నాహక సంవత్సరము లేదా? పేరు వేరుగా నున్నది గాని కలదు. ఇంటర్ పిదప సీటు రాని వేలాది పిల్లలు 'లాంగ్ టర్మ్' అను పేరున కోచింగు హాస్టళ్లలో నిండు సంవత్సరము గడుపుచున్నారు. తెల్లవారుజామున లేచుట, స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టులు, గోడపై అంటించు ర్యాంకుల జాబితా — ఆ యేటి శ్రమ సామాన్యమైనది కాదు. ఆ యేడంతయు పిల్లవాని భౌతిక, రసాయన, జీవశాస్త్రములను వారమువారము తూచినవారు, అతడు గదిలోని జబ్బుపడిన స్నేహితునికి నీళ్లిచ్చెనా, తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పగలుగుచున్నాడా యని ఒక్కనాడును అడుగరు. కళాశాలలో చేరిన పిదప ర్యాగింగు జరిగినప్పుడు మాత్రము అందరమును విస్తుపోవుదుము. దానిని నిషేధించుచు 1997లోనే చట్టము చేసికొన్న రాష్ట్రము మనది.

2019నుండి ఎం.బి.బి.యస్. ఆరంభమున ఫౌండేషన్ కోర్సును, వైఖరి, నీతి, సంభాషణలను బోధించు పాఠ్యభాగమును మన దేశమునందును ప్రవేశపెట్టిరి. అవి హాజరు కొరకు కూర్చుండు ఉపన్యాసములుగా మిగిలిపోక, తొలి సంవత్సరమంతయు అధ్యాపకులు విద్యార్థిని గమనించి, చిన్న తప్పును చిన్నదిగా నున్నప్పుడే చూపి, దిద్దుకొన్నవానిని మెచ్చుకొని, దిద్దుకొననివానిని ఆపగలిగినచో, వేరుగా మరియొక యేడు వెచ్చింపకయే మనకును ఆ ఫలము దక్కును. తొలి సంవత్సరపు ప్రాక్సీని నవ్వి ఊరకుండిన అధ్యాపకునకు, చివరి సంవత్సరమున ఆ విద్యార్థి సత్యసంధుడని సంతకము చేయు అర్హత లేదు.