హారన్ లేని ట్రాఫిక్!

వెనక నుంచి హారన్ కొడితే ముందువాడు తప్పుకోవాలి. ఇది మన రోడ్డు రూలు. మంచుకొండ మీద లెక్క తలకిందులు. అక్కడ ముందున్నవాడిదే దారి, వెనకొచ్చేవాడిదే బాధ్యత. సెలవులకు మనాలీకో గుల్మార్గ్‌కో బ్యాగులు సర్దుకునేవాళ్లూ, అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లి సరదాగా స్కీలు తొడుక్కునేవాళ్లూ ఈ ఒక్క ముక్క తెలుసుకుని బయల్దేరితే మంచిది.

సంక్రాంతి ముందురోజుల్లో ఉప్పల్ రింగురోడ్డు చూసినవాళ్లకు రద్దీ గురించి వేరే చెప్పక్కర్లేదు. వరంగల్ వైపు బస్సుల కోసం సంచులతో, పిల్లలతో నిలబడ్డ జనం... వాళ్ల మధ్యలోంచి సందు చేసుకునే ఆటోలు... ఆగకుండా మోగే హారన్లు. 'జరగన్నా... జర జరుగు' అని వెనక నుంచి కేక వినపడితే చాలు, ముందున్నవాడు తిరిగి చూడకుండానే పక్కకు తప్పుకుంటాడు. 2023 జూన్‌లో స్కైవాక్ తెరిచాక నడిచేవాళ్లకు కాస్త ఊపిరాడింది కానీ, కింద రోడ్డు మీద సూత్రం మాత్రం మారలేదు. తొందరున్నవాడిదే దారి. ఇక స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రాత్రయితే చెప్పేదేముంది!

ఈ అలవాటునే బ్యాగులో పెట్టుకుని మంచుకొండ ఎక్కితే? అక్కడా సెలవుల రద్దీయే. అక్కడా వెనక నుంచి దూసుకొచ్చేవాళ్లే. కానీ హారన్ ఉండదు, బ్రేకులుండవు, సిగ్నల్ ఉండదు. కాళ్లకు రెండు పొడవాటి పలకలు, చేతుల్లో రెండు కర్రలు, కింద జారే నేల. అయినా ఐరోపా, అమెరికాల్లో లక్షల మంది అలాంటి వాలు మీద ఏటా క్షేమంగా దిగుతున్నారంటే కారణం ఒక చిన్న ఒప్పందం.

వీపున కళ్లుండవు కదా...

అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో స్కీయర్ల కోసం పది నియమాలు రాసింది. ఐరోపాలో ఢీకొన్న కేసు కోర్టుకెళితే జడ్జీలు ముందుగా చూసేది వీటినే. అందులో మూడోది అన్నిటికీ ప్రాణం. వెనక నుంచి, అంటే పైనుంచి వచ్చేవాడు ముందున్నవాడికి ప్రమాదం లేని దారి ఎంచుకోవాలి. అంతే. ముందున్నవాడు మెల్లగా వెళ్లొచ్చు, వంకరగా వెళ్లొచ్చు, ఉన్నట్టుండి ఎడమకు తిరగొచ్చు, పడిపోవచ్చు కూడా. వాటన్నిటికీ సరిపడా ఖాళీ వదిలిపెట్టాల్సింది వెనకవాడే.

ఎందుకంటే వాలు మీద జారేవాడి చూపంతా కిందికే ఉంటుంది. పైనుంచి ఎవరొస్తున్నారో అతనికి కనపడదు. పైవాడికి మాత్రం కింద ఉన్న అందరూ కనపడతారు. కనపడేవాడి మీదే భారం పెట్టారన్నమాట. మామూలుగా సెలవుల్లో వచ్చే స్కీయర్ కూడా గంటకు 40 కిలోమీటర్లు దాటడం పెద్ద విశేషం కాదు. మన సందుల్లో బైకు వేగం కంటే అదేమీ తక్కువ కాదు మరి!

ఈ ఒక్క ప్రశ్న మీదే 2023 మార్చిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కేసు ఎనిమిది రోజుల పాటు టీవీలో ప్రత్యక్ష ప్రసారమైంది. హాలీవుడ్ నటి గ్వినెత్ పాల్ట్రో 2016లో డీర్ వ్యాలీలో స్కీయింగ్ చేస్తుండగా రిటైరైన ఓ కళ్ల డాక్టరూ ఆమే ఢీకొన్నారు. ఆమే వెనక నుంచి వచ్చి గుద్దిందనీ, పక్కటెముకలు విరిగాయనీ ఆయన మూడు లక్షల డాలర్లకు పైగా పరిహారం అడిగాడు. కాదు, ఆయనే వెనక నుంచి వచ్చాడంటూ ఆమె ఒక్కటంటే ఒక్క డాలరుకు ఎదురు దావా వేసింది. లాయర్లు, డాక్టర్లు, నిపుణులు... అందరూ తేల్చాల్సింది ఒక్కటే. ఆ క్షణంలో ఎవరు పైన? ఎవరు కింద? తప్పు డాక్టరుదేనని జ్యూరీ తేల్చింది. ఆమెకు ఆ ఒక్క డాలరూ దక్కింది.

అన్ని కేసులూ ఇలా నవ్వుకునేలా ముగియవు. 1997 ఏప్రిల్‌లో కొలరాడోలోని వెయిల్ రిసార్టులో పనిచేసే ఓ కుర్రాడు డ్యూటీ అయ్యాక అదుపు తప్పిన వేగంతో దిగుతూ కింద ఉన్న మనిషిని గుద్దాడు. ఆ మనిషి చనిపోయాడు. 'స్కీయింగ్‌లో ఇవన్నీ మామూలే' అన్న వాదన రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి వీగిపోయింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం కింద 2000లో అతన్ని దోషిగా తేల్చారు. 2009 జనవరి 1న ఆస్ట్రియాలో జర్మనీ నాయకుడు డీటర్ ఆల్ట్‌హౌస్ ఢీకొని ఒక మహిళ చనిపోయింది. అప్పటికి ఆయన తురింగియా రాష్ట్రానికి ముఖ్యమంత్రి. ఆయనకు హెల్మెట్ ఉంది, ఆమెకు లేదు. పదవిని చూసి కోర్టు వదల్లేదు, దోషిగా తేల్చి జరిమానా వేసింది. అదే ఏడాది మార్చిలో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో మొదటి పాఠాలు నేర్చుకునే వాలు మీద పడింది. నాకేం కాలేదంటూ డాక్టర్‌ని కూడా వద్దంది. రెండ్రోజుల్లో తలలో రక్తస్రావంతో కన్నుమూసింది. ఆ ఏడాది తర్వాత ఐరోపాలో, అమెరికాలో హెల్మెట్ పెట్టుకోకుండా కొండెక్కడానికి జనం వెనకాడటం మొదలైంది.

దారిలో సెల్ఫీ వద్దు

మరి మన దగ్గర? హైదరాబాదీలకు మంచు అంటే మొదట గుర్తొచ్చేది 2004లో ఇందిరాపార్కు పక్కన తెరిచిన స్నోవరల్డే. మైనస్ 5 డిగ్రీల చలిలో జాకెట్టు, గ్లోవ్స్, బూట్లు వేసుకుని కాసేపు గంతులేసి బయటపడటం. అక్కడ తోసుకున్నా పెద్దగా పోయేదేమీ లేదు. అసలు కొండ మీద సంగతి వేరు.

మనాలీ నుంచి సోలాంగ్ వెళ్లే దారి పొడవునా ఓవరాల్స్, గంబూట్లు అద్దెకిచ్చే దుకాణాలే. ఆ రంగురంగుల డ్రెస్సు తొడుక్కోగానే సగం స్కీయర్ అయిపోయినట్టే ఉంటుంది! అక్కడ గైడు పట్టుకుని రెండు మూడుసార్లు జార్పించి, ఫొటో తీసి పంపిస్తాడు. గుల్మార్గ్ కథ ఇంకాస్త పెద్దది. బ్రిటిష్ అధికారులు 1927లో అక్కడ స్కీ క్లబ్ పెట్టారు. గండోలా మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో మొదలయ్యాయి. రెండో దశ ఎక్కితే అఫర్వాట్ శిఖరం పక్కన సుమారు 13 వేల అడుగుల ఎత్తున దింపుతుంది.

కానీ మన కొండల ప్రత్యేకత ఏంటంటే, అక్కడ గుమిగూడే జనంలో ఎక్కువ మంది స్కీయింగ్ చేయరు. చూడ్డానికొస్తారు. గుర్రాలు, స్లెడ్జి బండ్లు లాగేవాళ్లు, వేడివేడి మ్యాగీ, కహ్వా అమ్మేవాళ్లు, మధ్యలో ఫొటోలకు నిలబడ్డ కొత్తజంటలు. స్కీయింగ్ నేర్చుకునేవాళ్లకు చోటు దొరికేది ఆ జనం మధ్యలోనే. 2024 జనవరిలో లాగా మంచు సరిగ్గా పడని ఏడాదయితే ఉన్న కాస్త తెల్లటి జాగాలోనే అందరూ సర్దుకోవాలి.

ఆ పది నియమాల్లో రెండు సరిగ్గా వీళ్ల కోసం రాసినట్టే ఉంటాయి. ఒకటి, ఇరుకు చోట, మలుపు కింద, పైవాళ్లకు కనపడని చోట ఆగొద్దు. పడిపోతే వీలైనంత త్వరగా లేచి అంచుకు రావాలి. రెండోది, నడిచేవాళ్లు వాలు పక్క నుంచే నడవాలి. ఎవరో గుద్దుతారని మాత్రమే కాదు. మెత్తటి మంచులో బూటు దిగిన చోట గుంట పడుతుంది. రాత్రి చలికి ఆ గుంట గట్టిబడుతుంది. పొద్దున్నే వచ్చే స్కీయర్ పలక అందులో ఇరుక్కుంటే మోకాలు తిరిగిపోవచ్చు. ముందురోజు సాయంత్రం ఫొటో కోసం నాలుగడుగులు వేసినవాళ్లకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

పైనుంచి ఏమొస్తోంది అన్న ప్రశ్న హైదరాబాద్‌ను ఒకసారి గట్టిగానే తాకింది. 2014 జూన్ 8న మనాలీ దారిలో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇవ్వాలని హిమాచల్ హైకోర్టు 2016లో ఆదేశించింది. నదిలో నిలబడ్డ పిల్లలకు పైన గేట్లు ఎత్తడం కనపడలేదు. మంచు వాలైనా, నది ఒడ్డయినా పై నుంచి వచ్చేది కింద ఉన్నవాళ్లకు తెలిసేసరికి ఆలస్యమే అవుతుంది. అందుకే ఆగిన స్కీయర్ మళ్లీ కదిలేముందు తలెత్తి పైకి చూడాలని ఇంకో నియమం ఉంది. రోడ్డు దాటేముందు కుడి ఎడమలు చూసుకున్నట్టే.

అందరికీ ఒకేసారి సెలవులా?

రద్దీ అక్కడా ఉంది. 2023 డిసెంబర్ 24న ఒక్కరోజులో అటల్ టన్నెల్ గుండా 28 వేలకు పైగా వాహనాలు వెళ్లాయి. తర్వాతి ఏడాది క్రిస్మస్ వారంలో మంచు కురిసి సోలాంగ్ దగ్గర ఐదువేల మంది దాకా చిక్కుకుపోతే పోలీసులు రాత్రంతా కష్టపడి కిందికి దించారు.

ఫ్రాన్స్ వాళ్లు ఈ చిక్కుకు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. దేశాన్ని మూడు జోన్లు చేసి, ఫిబ్రవరి బడి సెలవులను ఒక్కో జోన్‌కు ఒక్కో తేదీన మొదలుపెడతారు. ఆల్ప్స్ కొండల మీదికి పిల్లా జెల్లా ఒకేసారి ఎగబడకుండా రద్దీ నాలుగు వారాలకు పరుచుకుంటుంది. సంక్రాంతికి ఉప్పల్‌కు ఒక వారం, ఎల్బీనగర్‌కు ఇంకో వారం సెలవులిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి! పండక్కి అది కుదిరే పని కాదు కానీ, చలిమంచుకు తిథి నక్షత్రాలతో పనిలేదు కాబట్టి వాళ్లకు కుదిరింది.

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ కాలనీల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు లెక్కలేదు. డిసెంబర్ ఆఖరి వారం, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సోమవారం, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే. ఈ మూడు సెలవుల్లోనూ అమ్మానాన్నల వాట్సాప్‌కు మంచు ఫొటోలు వస్తాయి. బే ఏరియా వాళ్లకు లేక్ టాహో, సియాటిల్ వాళ్లకు స్నోక్వాల్మీ, న్యూజెర్సీ వాళ్లకు పోకనోస్ దగ్గర. వాళ్లు చేరుకునేదీ సరిగ్గా రద్దీ మండిపోయే రోజుల్లోనే. అక్కడి లిఫ్టు క్యూ మర్యాద మాత్రం ముచ్చటగా ఉంటుంది. రెండు వరసలు కలిసే చోట ఇటొకరు, అటొకరు వంతుగా కదులుతారు. ఒంటరిగా వచ్చినవాళ్లకు వేరే వరస. కుర్చీలో ఖాళీ మిగిలితే వాళ్లను పిలిచి కూర్చోబెడతారు. ఎదుటివాడి స్కీల మీద మన స్కీ ఎక్కించడం మాత్రం పెద్ద అమర్యాద. పక్కవాడి చెప్పులు తొక్కినట్టే.

కొత్తవాళ్లకు అక్కడ నేర్పే మొదటి పాఠం ఆగడం. స్కీల ముక్కులు దగ్గరకు తెచ్చి, వెనక భాగాలు దూరం జరిపితే వేగం తగ్గుతుంది. పిల్లలకు అర్థమయ్యేలా దాన్ని 'పిజ్జా' అంటారు, పిజ్జా ముక్క ఆకారంలో ఉంటుందని. రెండూ సమాంతరంగా పెట్టి జారిపోతే 'ఫ్రెంచ్ ఫ్రైస్'. 'పిజ్జా... పిజ్జా...' అని టీచరు వెనక నుంచి అరుస్తుంటే ఐదేళ్ల పిల్లలు చకచకా ఆగిపోతారు. ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకే పాఠం అక్కర్లేదనిపిస్తుంది. రెండో రోజే పెద్ద కొండెక్కేస్తారు. స్నేహితులు రమ్మన్నారని తమకు మించిన వాలు ఎక్కడమే పెద్ద తప్పు. అదుపులో ఉండాలన్నదే అమెరికా స్కీ నియమాల్లో కూడా మొదటి మాట.

ఎర్ర జాకెట్లు లేని రోజు

ఈ మర్యాదలన్నీ వాటంతటవే నిలబడవు. వాటిని కాపాడేది స్కీ పెట్రోల్. తెల్లారకముందే కొండెక్కి ఎక్కడ మంచు చరియలు విరిగిపడతాయో చూసి, అవసరమైతే మందుగుండుతో ముందే పడగొట్టి, తాళ్లు కట్టి, బోర్డులు పెట్టేవాళ్లు. కాలు విరిగినవాళ్లను స్లెడ్జి మీద దించేదీ వాళ్లే. 2024 డిసెంబర్ 27న, సరిగ్గా సెలవుల రద్దీలో, యూటాలోని పార్క్ సిటీలో సుమారు 200 మంది పెట్రోలర్లు సమ్మెకు దిగారు. మొదటి జీతం గంటకు 21 నుంచి 23 డాలర్లకు పెంచమన్నారు. వాళ్లు లేక కొండలో చాలా భాగం తెరవలేదు. తెరిచిన కాస్త దగ్గర లిఫ్టు కోసం గంటల తరబడి క్యూలు. టికెట్ డబ్బులు వాపసివ్వమని జనం గొడవ. జనవరి 8న జీతాలు పెంచుతూ ఒప్పందం కుదిరాకే కొండ మామూలైంది.

దెబ్బ తగిలిన మనిషి కనపడితే ఎవరైనా సరే ఆగి సాయం చేయాలన్నది తొమ్మిదో నియమం. ఆ మనిషికి కాస్త పైన రెండు స్కీలను మంచులో గుచ్చి అడ్డంగా ఇంటూ గుర్తులా పెడతారు. పైనుంచి వచ్చేవాళ్లకు అది ఎర్రలైటు. ఢీకొన్నవాళ్లు, చూసినవాళ్లు పేరు, వివరాలు ఇచ్చి కదలాలన్నది పదోది. కొలరాడోలో గుద్దేసి పేరు చెప్పకుండా జారుకోవడం చట్టప్రకారం నేరం.

సాయంత్రం లిఫ్టులు ఆగిపోయాక ఆఖరి పని ఒకటుంటుంది. పెట్రోలర్లు కొండ పైనుంచి వరసగా విడిపోయి, ఒక్కో దారికీ ఒకరు చొప్పున దిగుతారు. చెట్ల వైపు కేకేసి, ఆగి వింటారు. కట్టిన తాళ్లు చూసుకుంటారు. జవాబు రాకపోతే ఇంకాస్త కిందికి జారి మళ్లీ కేకేస్తారు. చివరి మనిషి కిందికి చేరి, ఎవరూ మిగల్లేదని రేడియోలో చెప్పాకే ఆ రోజుకు కొండ మూసినట్టు.