గగనమున బిడారు నడపిన వైమానికుడు

యుద్ధము ముగిసిన మఱునాడు యోధుడు ఏమి చేయవలెను? మన పురాణకథలలో ఈ ప్రశ్నకు చోటు తక్కువ. గెలిచిన రాజు పట్టాభిషిక్తుడగును. భటుడేమయ్యెనో కవి చెప్పడు. 1945 లో అమెరికా దేశమున ఈ ప్రశ్న వేలకొలది యువకులను ఒక్కమాఱుగా చుట్టుముట్టెను. వారిలో పెక్కుమందికి విమానము నడపుట తప్ప వేఱు విద్య లేదు. ప్రభుత్వమునకు వారితోను, వారు నడపిన విమానములతోను పని తీఱిపోయినది. ఆ మిగులు మనుష్యులను, ఆ మిగులు విమానములను ఒకచోట చేర్చి వర్తకమునకు పెట్టినవారిలో ముఖ్యుడు రాబర్ట్ ప్రెస్కాట్.

టెక్సాసు రాష్ట్రములోని ఫోర్ట్ వర్త్ నగరమున 1913 లో జన్మించిన ప్రెస్కాట్ కాలిఫోర్నియాలో న్యాయశాస్త్రము చదువుచు, ఆ చదువు విడిచి నౌకాదళమున వైమానికుడుగా చేరెను. 1941 లో ఆ ఉద్యోగమును కూడ వదలుకొని, చైనా పక్షమున జపానుతో పోరాడుటకు క్లెయిర్ షెన్నాల్ట్ కూర్చిన అమెరికా స్వచ్ఛంద వైమానిక దళములో ప్రవేశించెను. స్వచ్ఛందమన్న మాటనుబట్టి వారు జీతము లేక పోరాడిరని తలంపరాదు. నెలకు 600 డాలర్ల జీతము. కూల్చిన ప్రతి శత్రువిమానమునకు 500 డాలర్ల బహుమానము. వారి పి-40 విమానముల ముక్కులపై సొరచేప కోఱలు చిత్రింపబడియుండెను. లోకము మాత్రము వారికి 'ఫ్లయింగ్ టైగర్స్', అనగా ఎగిరే పెద్దపులులు, అని పేరు పెట్టెను. 1942 ఏప్రిల్ 6 న విశాఖపట్టణముపై జపాను బాంబులు పడిన దినములలో ఈ దళము బర్మా, చైనా సరిహద్దులలో ఆ శత్రువుతోనే తలపడుచుండెను. అదే సంవత్సరము జూలైలో దళమును రద్దు చేయునాటికి ప్రెస్కాట్ లెక్కలో అయిదింటికి పైగా విమానములు పడినవి.

అయినను అతని జీవితమును మలచినది ఆ పోరాటము కాదు. దాని తరువాత వచ్చిన కూలిపని. బర్మా జపాను వశమగుటతో చైనాకు సరకులు చేరు రహదారి మూసికొనిపోయెను. ఇక మిగిలినది ఆకాశమొక్కటే. అస్సాములోని దింజాన్ మొదలగు విమానాశ్రయములనుండి పర్వతపంక్తులను దాటి చైనాలోని కున్‌మింగ్ నగరమునకు, సుమారు 800 కిలోమీటర్లు, సరకు మోయవలసివచ్చెను. ఆ కొండల వరుసను వైమానికులు 'మూపురము' అని పిలిచెడివారు. ప్రెస్కాట్ చైనా జాతీయ విమానసంస్థలో చేరి ఆ మూపురముమీదుగా విమానములు నడపెను. రెక్కలపై మంచు పేరుకొని విమానము బరువెక్కును. మేఘము విడిచిన క్షణమున కొండకొమ్ము ఎదుట నిలిచియుండును. యుద్ధాంతమువఱకు ఆ మార్గమున సుమారు ఆఱున్నర లక్షల టన్నుల సరకు చేరినది. అందుకై నష్టపడిన విమానములు 500 కు పైబడినవి.

పెట్రోలు పీపాలు మోయు విమానము తానును పెట్రోలు త్రాగును. కావున ఎక్కించు ప్రతి వస్తువును తూచి చూడవలెను; ఖాళీగా తిరిగివచ్చుట దండుగ. అందుచేతనే చైనానుండి వచ్చునప్పుడు టంగ్‌స్టన్ ఖనిజమును, తగరమును, కుంచెలకు పనికివచ్చు పంది వెండ్రుకలను నింపికొని వచ్చెడివారు. సంతకు బండి తోలుకొనిపోవువాడు ముందుగా తిరుగు బాడుగను విచారించుట మన పల్లెలలో చూచినదే. ఆ బండివాని లెక్కను ప్రెస్కాట్ ఆకాశమున నేర్చెను.

స్వదేశము చేరిన పిమ్మట అతనికి చమురు వ్యాపారియైన శామ్యూల్ మోషర్‌తో పరిచయమయ్యెను. మెక్సికో తీరమున విమానములు నడపవలెనని మోషర్ బృందము ఆలోచించుచుండగా, అమెరికాలోనే సరకులు మోయుట మేలని ప్రెస్కాట్ వాదించెను. అతని పక్షము ఎంత సొమ్ము తెచ్చిన, తామును అంత వేయుదుమని వారు ఒప్పుకొనిరి. ప్రెస్కాట్, అతని మిత్రులు, దళములోని పాత సహచరులు కలిసి 89,000 డాలర్లు పోగుచేసిరి. మోషర్ పక్షమును అంతే వేసెను. 1945 జూన్ 25 న నేషనల్ స్కైవే ఫ్రైట్ కార్పొరేషన్ ఏర్పడెను. రెండేండ్లు తిరుగకముందే దానికి ఫ్లయింగ్ టైగర్ లైన్ అను పేరు వచ్చెను.

వారు కొన్న 14 విమానములు నౌకాదళము వలదన్నవి. అల్యూమినియమునకు కొఱత కలుగునను భయముతో, రైలుపెట్టెలు చేయు బడ్ కంపెనీ తుప్పుపట్టని ఉక్కుతో నిర్మించిన కానెస్టోగా విమానములవి. కానెస్టోగా యనునది పూర్వము అమెరికాలో సరకులు మోసిన గూడుబండి పేరు. విమానము వెనుక తలుపు వాలుగా నేలకు దిగును. సరకు నేరుగా లోనికి చేర్చవచ్చును. ఆ ఆగస్టులో బేకర్స్‌ఫీల్డ్ నుండి అట్లాంటాకు ద్రాక్షపండ్లు మోయుటతో వర్తకము ఆరంభమయ్యెను.

ఇక్కడనే పాత లెక్క మరల ఎదురయ్యెను. ప్రయాణికుడు పోయినవాడు తిరిగివచ్చును, ద్రాక్షపండు తిరిగిరాదు. కాలిఫోర్నియా పండ్లకు తూర్పు నగరములలో గిరాకి కలదు. తూర్పునుండి పడమటికి అంత వేగముగా, అంత వ్యయముతో పంపదగిన వస్తువేది? దానిని వెదకుటయే అతని నిత్యకృత్యమయ్యెను. ప్రయాణికుల విమానములు గల పెద్ద కంపెనీలకు ఈ బాధ లేదు. ఎటులైనను ఎగురు విమానపు కడుపులో నాలుగు పెట్టెలు ఎక్కించుకొన్న వారికి అది అదనపు లాభమే. వారు ధరలు తగ్గింపగా, సరకునే నమ్ముకొన్నవారు ఊపిరాడక పోయిరి. 1948 లో ప్రభుత్వ విమానయాన మండలి కనిష్ఠ ధరలు నిర్ణయించినది. 1949 లో ఖండమును ఆ కొననుండి ఈ కొనకు దాటు సరకు మార్గమునకు ప్రెస్కాట్ సంస్థ అనుమతిపత్రము పొందెను.

ఈ కథ చెప్పువారు ద్రాక్షపండ్లను మఱవరు గాని సైన్యపు బాడుగను మఱతురు. యుద్ధానంతరము జపానునకు సైనిక సామగ్రి మోయు ఒప్పందము, తరువాత కొరియా యుద్ధము, ఆపై వియత్నాము, వీని రాబడి లేనిదే ఆ సంస్థ నిలుచుట కష్టము. యుద్ధము విడిచి వచ్చిన వైమానికుని యుద్ధము విడువలేదు. 1962 మార్చిలో సైనికులను వియత్నామునకు తీసికొనిపోవుచున్న ఆ సంస్థ విమానము గ్వాము ద్వీపము వదలి ఫిలిప్పీను దీవులకు పోవుచు పసిఫిక్ సముద్రముపై అదృశ్యమయ్యెను. అందున్నవారు 107 మంది. ఎంత గాలించినను ఒక రేకుముక్కయైన దొరకలేదు. ఆ సెప్టెంబరులోనే మఱియొక విమానము అట్లాంటిక్ సముద్రమున దిగవలసివచ్చెను. 28 మంది మరణించిరి, 48 మంది బ్రతికిరి. 1965 నవంబరులో సంస్థ విమానమొకటి రెండు ధ్రువములమీదుగా భూమిని చుట్టివచ్చి కీర్తి గడించెను. ఆ దినములలోనే వేఱొక చిన్న జెట్టు విమానము కూలి, బాలుడైన ప్రెస్కాట్ కుమారుడు మృతిచెందెను.

అతడు పని మానలేదు. 1961 నుండియే ఆ సంస్థలో సి.ఎల్.-44 విమానములు చేరియుండెను. వాని తోక మొత్తము తలుపువలె ప్రక్కకు తెఱచుకొనును. కానెస్టోగా వెనుక తలుపును ఎఱిగిన కన్ను వానిని ఎంచుటలో ఆశ్చర్యము లేదు. 1969 లో పసిఫిక్ సముద్రమును దాటి ఆసియా దేశములకు సరకు మోయు హక్కు లభించెను. ఒకనాడు సొరచేప కోఱల విమానములో ఎవరితో పోరాడెనో ఆ జపానుకే ఇప్పుడు సరకుల రాకపోకలు సాగెను. తూర్పు ఆసియా కర్మాగారములు పెరిగినకొలది తిరుగు బాడుగకు కొదువ లేకపోయెను. 1974 లో బోయింగ్ 747 విమానములు వచ్చెను. 1978 మార్చిలో 64 ఏండ్ల వయస్సున ప్రెస్కాట్ మరణించెను.

తరువాత పదునొకండేండ్లకు, 1989 ఆగస్టులో, ఆ సంస్థ ఫెడరల్ ఎక్స్‌ప్రెస్‌లో లీనమయ్యెను. దాని స్థాపకుడు ఫ్రెడరిక్ స్మిత్ కూడ వియత్నాము యుద్ధమున పనిచేసి వచ్చినవాడే. అతడు ముఖ్యముగా కోరి కొన్నది పసిఫిక్ ఆవలి దేశములకు ప్రెస్కాట్ సంపాదించిన ఆ మార్గపు హక్కులను. విమానములపై పులి పేరు తుడిచివేసి కొత్త పేరు వ్రాసిరి.